కోళ్ల బాక్టీరియాలో నిరోధక జన్యువులు: మందు మానేసినా ఎందుకు మిగిలిపోతాయి?

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక కోళ్ల ఫారంలో శాస్త్రవేత్త స్టూవర్ట్ లెవీ బృందం జరిపిన పరిశీలన 1976లో వెలువడింది. కోడిపిల్లలను రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు ఆక్సీటెట్రాసైక్లిన్ (టెట్రాసైక్లిన్ కుటుంబపు యాంటీబయాటిక్) కలిపిన దాణా, రెండో గుంపుకు మామూలు దాణా పెట్టారు. వారం తిరిగేసరికి మందు దాణా తిన్న కోళ్ల పేగుల్లోని బాక్టీరియా దాదాపు అంతా టెట్రాసైక్లిన్‌ను తట్టుకునే రకమైపోయింది. ఇది ఊహించదగ్గదే. ఊహకు అందనివి ఆ తర్వాత కనిపించిన రెండు సంగతులు. నెలలు గడిచేకొద్దీ ఆ కోళ్లలోని బాక్టీరియా వాటికి ఎన్నడూ పెట్టని మందులను కూడా తట్టుకోసాగింది. ఐదారు నెలల్లో ఆ ఫారంలోనే నివసించే కుటుంబ సభ్యుల మలంలోనూ అటువంటి బాక్టీరియా పెరిగింది. వారానికోసారి తీసిన నమూనాల్లో, మొత్తం బాక్టీరియాలో 80 శాతానికి మించి టెట్రాసైక్లిన్ నిరోధక రకమే ఉన్న నమూనాలు ఆ కుటుంబంలో 31.3 శాతం కాగా, ఇరుగుపొరుగు వారిలో 6.8 శాతం మాత్రమే.

బాక్టీరియా పేరు, మందు పేరు మాత్రమే చూస్తూ కూర్చుంటే ఈ రెండు సంగతులకూ జవాబు దొరకదు. జన్యువును చూడాలి, అంతకన్నా ముఖ్యంగా అది ఎక్కడ కాపురముంటున్నదో చూడాలి. పేగుల్లో ఉండే ఇ.కోలి అనే బాక్టీరియా ఫలానా మందుకు లొంగదని ప్రయోగశాల ఇచ్చే నివేదిక ఒక స్థితిని చెబుతుంది. ఆ లొంగకపోవడానికి మూలం క్రోమోజోమ్‌లో జరిగిన ఒక్క అక్షరం మార్పా, లేక పక్క కణానికి దాటిపోగల ప్లాస్మిడ్ అనే విడి డీఎన్ఏ వలయం మీద వచ్చిన సరుకా అన్నది ఆ నివేదికలో ఉండదు. కోళ్ల రంగంలో గత కొన్ని దశాబ్దాల్లో వివిధ దేశాలు మందులపై విధించిన నిషేధాలు ఒకచోట ఫలించి, మరోచోట ఫలించకపోవడానికి కారణాలను వెతికితే అవి చాలావరకు ఈ తేడా దగ్గరికే వచ్చి ఆగుతాయి.

నిరోధక జన్యువు అంటే మందు దెబ్బను తప్పించే ప్రోటీన్‌ను తయారుచేయించే డీఎన్ఏ ముక్క. తప్పించే తీరులు నాలుగైదుకు మించవు. టెట్-ఎ జన్యువు కణపొరలో ఒక పంపును కట్టించి, లోపలికి చేరిన టెట్రాసైక్లిన్‌ను ఎప్పటికప్పుడు బయటికి తోడేయిస్తుంది. టెట్-ఎం దారి వేరు. కణంలో ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్‌ను పట్టుకున్న మందును అది ఊడదీస్తుంది. సీటీఎక్స్-ఎం, సీఎంవై-2 జన్యువులు సెఫలోస్పోరిన్ తరగతి యాంటీబయాటిక్ అణువును విరిచేసే ఎంజైములను చేయిస్తాయి. సల్ఫా మందులు స్తంభింపజేసే ఎంజైముకు బదులుగా ఆ మందు అంటని మరో ఎంజైమును సల్-1, సల్-2 జన్యువులు సమకూరుస్తాయి. వాన్-ఎ జన్యు సముదాయమైతే బాక్టీరియా గోడకు వాడే ఇటుక కొసనే మార్చేసి, ఆ కొసను పట్టుకునే యాంటీబయాటిక్ వాంకోమైసిన్‌కు పట్టు చిక్కకుండా చేస్తుంది. వీటిలో ఏదీ కోళ్ల ఫారంలో పుట్టలేదు. కెనడాలోని యూకాన్ ప్రాంతంలో 30 వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేలలో టెట్రాసైక్లిన్‌ను, పెనిసిలిన్ కుటుంబపు మందులను, వాంకోమైసిన్‌ను తట్టుకునే జన్యువులు ఉన్నట్టు 2011లో తేలింది. మట్టిలోని సూక్ష్మజీవులు ఒకదానిపై మరొకటి ప్రయోగించేందుకు యాంటీబయాటిక్‌లను తయారుచేసుకున్నంత కాలంగా వాటికి విరుగుళ్లూ ఉన్నాయి. కనుక మందు జన్యువును సృష్టిస్తుందనడం సరికాదు. ఆ జన్యువును మోస్తున్న కణాలకు పోటీదారులను తొలగించి చోటు ఖాళీచేసి ఇస్తుంది, అంతే.

ఈ జన్యువుల అసలు బలం వాటి చలనంలో ఉంది. 1950ల్లో జపాన్‌లో విరేచనాల రోగుల నుంచి వేరుచేసిన షిగెల్లా బాక్టీరియా సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ మందులు నాలుగింటికీ ఒకేసారి లొంగకపోవడం వైద్యులను తికమకపెట్టింది. ఒకే కణంలో నాలుగు వేర్వేరు మార్పులు వరసగా జరగడం లెక్కకందనంత అరుదు. ఆ నాలుగు గుణాలూ కలిసికట్టుగా, ఒక్క విడతలోనే పక్కనున్న ఇ.కోలికి చేరుతున్నాయని 1959లో అక్కడి పరిశోధకులు చూపడంతో ఆ ముడి వీడింది. క్రోమోజోమ్‌తో సంబంధం లేకుండా కణంలో విడిగా ఉండే ప్లాస్మిడ్ అనే డీఎన్ఏ వలయం, రెండు కణాలు తాకినప్పుడు తన నకలును అవతలి కణానికి పంపగలదు. ఆ ప్లాస్మిడ్ మీద ట్రాన్స్‌పోజాన్‌లు ఉంటాయి; అవి ఉన్నచోటు నుంచి ఊడి మరో ప్లాస్మిడ్‌కో, క్రోమోజోమ్‌కో అతుక్కోగలవు. ట్రాన్స్‌పోజాన్ లోపల ఇంటెగ్రాన్ ఉండవచ్చు. ఇది కొత్త జన్యువులు దొరికినప్పుడల్లా తెచ్చి వరసలో పేర్చుకునే అర లాంటిది. కోళ్ల ఇ.కోలిలో తరచూ కనిపించే మొదటి తరగతి ఇంటెగ్రాన్‌లో ఒక కొసన సల్-1, దాని పక్కనే క్రిమిసంహారకాలను తట్టుకునే జన్యువు తాలూకు శేషం, మధ్య అరల్లో స్ట్రెప్టోమైసిన్, ట్రైమెథోప్రిమ్ నిరోధక జన్యువులు సాధారణంగా ఉంటాయి. పెట్టెలో పెట్టె, దానిలో మరో పెట్టె ఉన్నట్టు ఉంటుంది ఈ అమరిక.

లెవీ ఫారంలో పెట్టని మందులకు నిరోధకత ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఈ అమరికలోనే ఉంది. ఐదు నిరోధక జన్యువులు ఒకే ప్లాస్మిడ్ మీద ఉన్నప్పుడు వాటిలో ఏ ఒక్క దానికి సంబంధించిన మందు వాడినా మిగతా నాలుగూ గుంపగుత్తగా ఎంపికవుతాయి. ఒక మందును నిషేధించి, దాని స్థానంలో వేరే తరగతి మందును తెచ్చినా, కొత్త మందుకు సంబంధించిన జన్యువు పాత జన్యువు పక్కనే ఉన్నంత వరకు ఎంపిక ఒత్తిడి (నిరోధక రకాలనే నిలబెట్టే ఒత్తిడి) కొనసాగుతూనే ఉంటుంది. మందుల పట్టికను మార్చడాన్నే సంస్కరణగా చూపే నివేదికల్లో ఈ విషయం తరచూ మరుగున పడిపోతుంది.

ఇటువంటి జన్యువులకు కోడి పేగు ఎందుకంత అనువైన చోటయిందన్నది కాస్త ఆగి చూడవలసిన విషయం. పొదిగే యంత్రంలో పగిలిన గుడ్డు నుంచి బయటపడే పిల్లకు తల్లికోడి స్పర్శ ఉండదు. తల్లి రెట్టల నుంచి, ఈకల నుంచి రావలసిన పేగు సూక్ష్మజీవుల బదులు హేచరీ ట్రేలు, రవాణా పెట్టెలు, షెడ్డు నేల మీద పరిచే లిట్టర్, మనుషుల చేతులు దాని ఖాళీ పేగుకు తొలి నివాసులను అందిస్తాయి. ఆ తొలి నివాసుల్లో ఇ.కోలి, దాని బంధువులు ముందు వరసలో ఉంటాయి. సరిగ్గా ఆ మొదటి రోజుల్లోనే మందు పడితే పోటీ లేని మైదానంలో నిరోధక రకాలు పాతుకుపోతాయి. బ్రాయిలర్ జీవితం ఐదారు వారాలే. పేగులోని సూక్ష్మజీవ సమాజం కుదురుకునే లోపే బ్యాచ్ ముగుస్తుంది. ఎదిగిన కోడి అంధపేగులో ఒక్క గ్రాము పదార్థంలో వెయ్యి కోట్లకు పైగా బాక్టీరియా ఉంటుంది. ఒకే పైకప్పు కింద వేల కోళ్లు ఒకదాని రెట్టను మరొకటి పొడుస్తూ తిరిగే చోట ఆ సంఖ్యను వేలతో హెచ్చవేసి చూస్తే, కణాల మధ్య ప్లాస్మిడ్ బదిలీ అనే అరుదైన సంఘటన దినచర్యగా ఎలా మారుతుందో అర్థమవుతుంది.

మందు ఇచ్చే పద్ధతి దీనికి తోడవుతుంది. జబ్బుపడిన ఒక్కో కోడిని పట్టి సూది వేయడం సాధ్యపడదు కాబట్టి, కొన్నిటిలో లక్షణాలు కనబడగానే మొత్తం మందకు తాగునీటిలోనో దాణాలోనో మందు కలుపుతారు. జబ్బుపడిన కోడి నీళ్లు తక్కువ తాగుతుంది, ఆరోగ్యంగా ఉన్నది ఎక్కువ తాగుతుంది; కావలసిన దానికి చాలీచాలని మోతాదు, అక్కరలేని దానికి పూర్తి మోతాదు చేరుతుంది. వైద్యం కాక కేవలం ఎదుగుదల కోసం మందు పెట్టే అలవాటు దీనికన్నా పాతది. 1946లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో స్ట్రెప్టోమైసిన్ కలిపిన దాణా తిన్న పిల్లలు త్వరగా ఎదిగినట్టు గమనించారు. మరో మూడు నాలుగేళ్లకు లెడర్లీ ఔషధ సంస్థలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తయారీలో మిగిలిన మడ్డిని విటమిన్ బి-12 కోసం కోడిపిల్లలకు పెట్టి, ఆ ఎదుగుదల విటమిన్ వల్ల వచ్చిన దానికన్నా ఎక్కువగా ఉందని గుర్తించారు. ఆ మడ్డిలో మిగిలిన యాంటీబయాటిక్ లవలేశమే అందుకు కారణం. 2015లో వెలువడిన ఒక ప్రపంచస్థాయి అంచనా ప్రకారం ఏడాదికి కిలో బరువు జంతువుకు వాడే యాంటీబయాటిక్ సగటున పశువులకు 45 మిల్లీగ్రాములైతే, కోళ్లకు 148, పందులకు 172 మిల్లీగ్రాములు. తొమ్మిది ఐరోపా దేశాల్లో 181 పందుల ఫారాలనూ 178 బ్రాయిలర్ ఫారాలనూ పోల్చి 2018లో ప్రచురించిన అధ్యయనంలో నిరోధక జన్యువుల మొత్తం పరిమాణం పందుల్లో ఎక్కువగా ఉంటే, వాటి వైవిధ్యం కోళ్లలో ఎక్కువగా ఉంది.

ఇక నిషేధాల చరిత్రలోకి వస్తే, ముందుగా అవోపార్సిన్ ఉదంతం చెప్పుకోవాలి. మనుషుల చికిత్సకు వాడే మందులను దాణాలో ఎదుగుదల కోసం కలపరాదని 1969లో బ్రిటన్‌లో స్వాన్ కమిటీ సిఫారసు చేసింది. ఆ సూత్రాన్ని పేర్ల వారీగా పాటించిన ఐరోపా, మనుషులకు వాడని అవోపార్సిన్‌ను కోళ్ల దాణాలో అనుమతించింది. అయితే అవోపార్సిన్, వాంకోమైసిన్ ఒకే కుటుంబపు అణువులు. రెండూ పట్టుకునేది గోడలోని అదే ఇటుక కొసను. జన్యువుకు మందు సీసా మీది పేరుతో పనిలేదు. 1994లో డెన్మార్క్‌లో మనుషులకు వాడిన వాంకోమైసిన్ 24 కిలోలు కాగా, జంతువులకు వాడిన అవోపార్సిన్ 24,000 కిలోలు. 1995లో అక్కడ దాన్ని నిషేధించేనాటికి బ్రాయిలర్ల నుంచి వేరుచేసిన ఎంటెరోకాకస్ ఫీసియం అనే పేగు బాక్టీరియాలో 72.7 శాతం ఆ కుటుంబపు మందులకు లొంగనివే. 2000 నాటికి అది 5.8 శాతానికి దిగింది. ఐరోపా సమాజమంతటా 1997లో అవోపార్సిన్‌ను, 2006 జనవరి 1 నుంచి ఎదుగుదల కోసం వాడే యాంటీబయాటిక్‌లన్నిటినీ నిషేధించడానికి ఈ లెక్కలు బలమైన ఆధారమయ్యాయి.

ఇంతవరకూ ఇది విజయగాథే. కానీ 5.8 సున్నా కాలేదు. నార్వేలో అవోపార్సిన్ ఆపేసిన ఏళ్ల తర్వాత కూడా, కొత్త బ్యాచ్‌లు వచ్చి పోతున్నా, ఆ ఫారాల్లో వాన్-ఎ ఉన్న ఎంటెరోకాకస్ దొరుకుతూనే వచ్చింది. వాటి ప్లాస్మిడ్లను విప్పి చూస్తే వాన్-ఎ పక్కనే విషం, విరుగుడు జంటను తయారుచేయించే జన్యువులు కనిపించాయి. విషం చాలాకాలం నిలుస్తుంది, విరుగుడు త్వరగా చెడిపోతుంది. కణం విభజన చెందేటప్పుడు ప్లాస్మిడ్ అందని పిల్లకణంలో విరుగుడు సరఫరా ఆగిపోయి, ముందే ఉన్న విషం దాన్ని చంపేస్తుంది. అంటే మందు లేకపోయినా ప్లాస్మిడ్‌ను వదిలించుకునే వీలు బాక్టీరియాకు ఉండదు. నిరోధక జన్యువును మోయడం బాక్టీరియాకు బరువు కాబట్టి మందు మానేస్తే అదే పోతుందన్న పాఠ్యపుస్తకపు వాక్యానికి ఇది మొదటి మినహాయింపు.

రెండో మినహాయింపు ఇంకా గట్టిది. కోళ్లలో ఊపిరితిత్తుల జబ్బుల చికిత్సకు ఫ్లోరోక్వినలోన్ మందులను అమెరికా 1995లో అనుమతించింది. కోడికి ఏ జబ్బూ కలిగించకుండా దాని పేగులో కాపురముండే క్యాంపిలోబ్యాక్టర్ జెజునై, మనుషులకు చేరితే విరేచనాలు కలిగిస్తుంది. జైర్-ఎ అనే జన్యువులో ఒకే ఒక్క మార్పు వల్ల, ప్రోటీన్‌లో 86వ స్థానంలోని థ్రియోనిన్ బదులు ఐసోల్యూసిన్ చేరి, అది ఆ తరగతి మందులకు బాగా నిరోధకమైపోతుంది. ప్లాస్మిడ్ అక్కరలేదు, ఎవరి నుంచీ అరువు తెచ్చుకోనక్కరలేదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ సుదీర్ఘ విచారణ తర్వాత 2005 సెప్టెంబర్‌లో కోళ్లకు ఆ తరగతికే చెందిన ఎన్రోఫ్లాక్సాసిన్ అనుమతిని రద్దు చేసింది. నిరోధకత ఆధారంగా ఒక పశువైద్య యాంటీబయాటిక్‌ను ఆ సంస్థ ఉపసంహరించడం అదే మొదటిసారి. ఆ తర్వాత నిరోధక క్యాంపిలోబ్యాక్టర్ తగ్గలేదు. అదే ఏడాది వెలువడిన ఒక ప్రయోగం అందుకు కారణాన్ని ముందే సూచించింది. మందు ఏమాత్రం ఇవ్వని కోళ్లలోకి మామూలు రకాన్నీ నిరోధక రకాన్నీ కలిపి పంపితే, చాలా సందర్భాల్లో నిరోధక రకమే గెలిచింది. ఇక్కడ జన్యు మార్పు బాక్టీరియాకు బరువు కాకపోగా కోడి పేగులో దానికి లాభమే చేకూర్చింది. అటువంటప్పుడు నిషేధం కొత్త నిరోధక రకాలు పుట్టే వేగాన్ని తగ్గిస్తుందే తప్ప పుట్టినవాటిని వెనక్కి తీసుకోలేదు. నిషేధం వ్యర్థమని దీనికి అర్థం కాదు, అది ఆలస్యంగా వచ్చిందని అర్థం.

వీటికి భిన్నంగా, మందుతో పాటే అచ్చంగా పెరిగి తరిగిన ఉదాహరణ కెనడాలోని క్యుబెక్‌లో కనిపిస్తుంది. కోడిపిల్లల బొడ్డువాపును నివారించేందుకు అక్కడి హేచరీలు పొదుగుతున్న గుడ్లలోకే సెఫ్టియోఫర్ అనే మూడో తరం సెఫలోస్పోరిన్‌ను సూదితో ఎక్కించేవి. 2005 ఆరంభంలో ఆ పనిని స్వచ్ఛందంగా ఆపేశాక, చిల్లర కోడిమాంసం నుంచి వేరుచేసిన, మనుషులకు విరేచనాలు కలిగించే సాల్మొనెల్లా హైడెల్‌బర్గ్‌లో ఆ మందు నిరోధకత 62 శాతం నుంచి 7 శాతానికి, ఇ.కోలిలో 34 నుంచి 6 శాతానికి పడిపోయింది. 2007లో కొన్ని హేచరీలు మళ్లీ మొదలుపెట్టాక అవే అంకెలు 20కి, 19కి ఎగబాకాయి. మనుషుల నుంచి వేరుచేసిన హైడెల్‌బర్గ్‌లో కూడా మార్పు అదే బాటలో నడిచింది. ఇక్కడి నిరోధకతకు ప్రధాన కారణమైన సీఎంవై-2 జన్యువు ప్లాస్మిడ్ మీద ఉంటుంది. మందు పడే క్షణం కూడా పిల్ల జీవితంలో అన్నిటికన్నా మొదటిది. మీట నొక్కితే వెలిగి, మళ్లీ నొక్కితే ఆరిపోయే దీపంలా ప్రవర్తించిన ఇంత స్పష్టమైన ఉదాహరణ ఈ రంగంలో మరొకటి అరుదు కాబట్టే దీన్ని పదేపదే ఉదహరిస్తారు. అయితే అన్ని జన్యువులూ ఇలాగే నడుస్తాయని దీన్నిబట్టి తేల్చేయడం తొందరపాటవుతుంది.

కొలిస్టిన్ కథ ఈ రెండు కొసల మధ్య ఉంటుంది. మూత్రపిండాలకు హాని చేస్తుందని మానవ వైద్యం చాలాకాలం పక్కనపెట్టిన ఈ మందు పశువైద్యంలోకి వెళ్లింది. మరే మందుకూ లొంగని బాక్టీరియా పెరిగాక ఆసుపత్రులు దాన్ని ఆఖరి ఆయుధంగా తిరిగి బయటికి తీశాయి. దానికి నిరోధకత క్రోమోజోమ్ మార్పుల వల్లనే వస్తుందని, కాబట్టి ఒక కణం నుంచి మరో కణానికి పాకదని భావిస్తుండగా, 2015 నవంబర్‌లో చైనా శాస్త్రవేత్తలు ప్లాస్మిడ్ మీద ఎంసీఆర్-1 అనే జన్యువును ప్రకటించారు. ఇది బాక్టీరియా పైపొరలోని కొవ్వు అణువుకు ఒక రసాయన గుంపును అతికించి, కొలిస్టిన్ పట్టుకునే రుణావేశాన్ని తగ్గిస్తుంది. 2011 నుంచి 2014 వరకు పరీక్షించిన ఇ.కోలిలో పచ్చిమాంసం నమూనాల్లో 15 శాతం, జంతువుల్లో 21 శాతం, ఆసుపత్రి రోగుల్లో సుమారు 1 శాతం ఆ జన్యువును మోస్తున్నాయి. పాత నిల్వలను వెతికితే 1980ల నాటి చైనా కోళ్ల ఇ.కోలిలో కూడా అది మూడు నమూనాల్లో దొరికింది. ముప్పై ఏళ్లు మూలన పడి ఉన్న జన్యువు వాడకం పెరిగిన తర్వాతే విస్తరించిందన్నమాట. 2017 ఏప్రిల్ 30 నుంచి చైనా కొలిస్టిన్‌ను ఎదుగుదల కోసం వాడడం ఆపేసింది. 2019లో భారత్ కూడా ఆహార జంతువుల్లో దాని వాడకాన్ని నిషేధించింది. చైనాలో మనుషుల పేగుల్లో ఎంసీఆర్-1 ఉన్న ఇ.కోలి 2016లో 14.3 శాతం నుంచి 2019లో 6.3 శాతానికి తగ్గింది. ఈ జన్యువు మోతాదు మించి పనిచేస్తే పైపొర దెబ్బతిని కణానికే చేటు కలుగుతుంది. మందు తగ్గగానే ఇది వెనక్కి తగ్గడానికి ఆ బరువు కొంత కారణమై ఉండాలి.

మందు ఏమాత్రం వాడని చోట నిరోధక జన్యువు ఎలా వస్తుందన్నది వేరే ప్రశ్న. కోళ్ల పరిశ్రమ ఒక పిరమిడ్. పైన కొద్ది సంస్థల చేతిలో ఉన్న మూలజాతి కోళ్లు, వాటి కింద తాతమ్మలు, మాతృకోళ్లు, అడుగున కోట్ల సంఖ్యలో బ్రాయిలర్లు. సెఫలోస్పోరిన్లను కోళ్లకు వాడని నార్డిక్ దేశాల్లో సీఎంవై-2 ఉన్న ఇ.కోలి బ్రాయిలర్లలో విస్తారంగా కనిపించినప్పుడు, దాని దారిని వెనక్కి తవ్వుకుంటూ వెళ్తే అది దిగుమతి చేసుకున్న మాతృజాతి పిల్లల దగ్గర తేలింది. శిఖరాన ఒక్కచోట, ఒక్కసారి పడిన మందు ఫలితం మరో దేశపు షెడ్డులో, ఒక్క మిల్లీగ్రాము కూడా వాడని రైతు లెక్కలో పడుతుంది. సాల్మొనెల్లా ఇన్ఫాంటిస్‌లో ఇజ్రాయెల్‌లో మొదట గుర్తించిన పీఈఎస్ఐ అనే భారీ ప్లాస్మిడ్ ఇదే ధోరణికి మరో ముఖం. సుమారు 2 లక్షల 80 వేల అక్షరాల ఆ వలయంలో టెట్రాసైక్లిన్, సల్ఫా, ట్రైమెథోప్రిమ్ నిరోధక జన్యువులతో పాటు పాదరసాన్ని తట్టుకునేవి, పేగు గోడకు అతుక్కునేందుకు తోడ్పడేవి, ఇనుమును సేకరించేవి, పైన చెప్పిన విషం-విరుగుడు జంటలు కూడా ఉన్నాయి. నిరోధకతతో సంబంధం లేని లాభాల కోసం బాక్టీరియా దాన్ని మోస్తుంది. నిరోధకత దానితో పాటు ఉచితంగా ప్రయాణిస్తుంది.

కోడి నుంచి మనిషికి ఇవి ఎంతమేరకు చేరుతున్నాయన్న విషయంలో వాదన ఎక్కువ, ఖచ్చితమైన కొలత తక్కువ. నెదర్లాండ్స్‌లో రోగుల్లోనూ కోడిమాంసంలోనూ ఒకే రకం సీటీఎక్స్-ఎం ఇ.కోలి ఉందని 2011లో ప్రకటించినప్పుడు చాలామంది అపరాధి దొరికాడనే అనుకున్నారు. బాక్టీరియా రకాన్ని గుర్తించేందుకు అప్పుడు వాడిన టైపింగ్ పద్ధతి క్రోమోజోమ్‌లో ఏడు జన్యువుల ముక్కలను మాత్రమే పోల్చేది. 2014లో పూర్తి జన్యుక్రమాన్ని చదివి చూస్తే, ఒకటే అనుకున్న కణాల మధ్య ప్రతి పది లక్షల అక్షరాలకు వెయ్యికి పైగా తేడాలు బయటపడ్డాయి. ఇటీవల ఒకదాని నుంచి మరొకటి వచ్చాయనడానికి వీల్లేనంత దూరపు చుట్టరికం అది. అయితే ఆ వేర్వేరు కణాల్లోని ప్లాస్మిడ్లు మాత్రం దాదాపు అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. బాక్టీరియా రాలేదు, ప్లాస్మిడ్ వచ్చి ఉండవచ్చు. ఏ దిశలో, ఎన్నేళ్ల కిందట వచ్చిందో ఆ పోలికతో తేలదు. 2019లో అదే దేశంలో సమాజంలోని వ్యక్తులు మోస్తున్న ఇటువంటి ఇ.కోలి మూలాలను గణితనమూనాతో విడదీస్తే సుమారు 60 శాతం మనిషి నుంచి మనిషికి, సుమారు 19 శాతం ఆహారం ద్వారా వచ్చినట్టు లెక్క తేలింది. కోళ్ల పరిశ్రమ దీన్ని తన నిర్దోషిత్వానికి రుజువుగా, దాని విమర్శకులు 19 శాతం అంటే తక్కువేమీ కాదని వాడుకున్నారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. మాంసం ఉడికితే బాక్టీరియా చస్తుంది. ప్రమాదమంతా పచ్చిమాంసం తాకిన చేతుల్లో, కత్తుల్లో, పక్కనే పచ్చిగా తినే కూరగాయల్లో ఉంటుంది. ఆహారమే దారి కానక్కరలేదు కూడా. కోళ్లను తెరిచి ఉన్న పెట్టెల్లో తీసుకెళ్తున్న లారీల వెనక కిటికీలు దించి నడిపిన కార్ల లోపలి గాలిలో, తలుపు పిడుల మీద నిరోధక ఎంటెరోకాకస్ దొరికినట్టు అమెరికాలో 2008లో ఒక పరిశోధక బృందం నమోదు చేసింది. షెడ్డు దుమ్ము, ఈగలు, పొలానికి ఎరువుగా వెళ్లే లిట్టర్ ఇంకా పెద్ద దారులు.

కొలత సంగతి చెప్పకుండా ఈ అంకెలను చదవడం మంచిది కాదు. పళ్లెంలో సెఫలోస్పోరిన్ కలిపి పెంచితే లక్ష కణాల్లో ఒక్కటి నిరోధకమైనా మొలుస్తుంది, ఆ కోడి నిరోధకత ఉన్నదిగా నమోదవుతుంది. మందు కలపని పళ్లెం నుంచి యాదృచ్ఛికంగా ఒక్క మచ్చను (ఒకే కణం నుంచి పెరిగిన గుంపును) తీసి పరీక్షిస్తే అదే కోడి నిరోధకత లేనిదవుతుంది. రెండు నివేదికల్లో ఒకటి భయపెట్టి, ఇంకొకటి ఊరడించడానికి పద్ధతి తేడా ఒక్కటే చాలు. పేగులోని డీఎన్ఏ మొత్తాన్ని ఒకేసారి చదివే మెటాజినోమిక్స్‌లో ఈ ఇబ్బంది లేదు కానీ వేరే ఇబ్బందులున్నాయి. పొట్టి ముక్కలుగా చదివినప్పుడు జన్యువు ఉందని తెలుస్తుంది, అది ఏ బాక్టీరియాలో, ఏ ప్లాస్మిడ్ మీద ఉందో తెలియదు; అంటే ఈ వ్యాసం మొదటి నుంచీ ముఖ్యమంటున్న సమాచారమే అందులో జారిపోతుంది. చనిపోయిన కణాల డీఎన్ఏ కూడా లెక్కలో కలుస్తుంది. ప్రతి ఇ.కోలిలోనూ స్వభావసిద్ధంగా ఉండే ఎండీఎఫ్-ఎ వంటి పంపు జన్యువును సైతం నిరోధక జన్యువుల పట్టికలు లెక్కిస్తాయి కాబట్టి, "ఒక నమూనాలో ఇన్ని నిరోధక జన్యువులు" అనే శీర్షికల్లోని అంకెలో కొంత భాగం ఏ ప్రమాదాన్నీ సూచించదు. మరోవైపు జైర్-ఎ మార్పు వంటి ఏకాక్షర భేదాలను ప్రత్యేకంగా వెతికితే తప్ప ఆ పట్టికలు పట్టుకోవు. పొడవాటి ముక్కలను చదివే కొత్త యంత్రాలు ప్లాస్మిడ్‌ను మొదలు నుంచి చివరి దాకా ఒకే పట్టున చూపుతున్నందువల్ల ఈ లోటు ఇప్పుడిప్పుడే తీరుతోంది.

ఎంపిక ఒత్తిడిని లెక్కగట్టేటప్పుడు యాంటీబయాటిక్‌లను మాత్రమే కూడితే కూడా లెక్క తప్పుతుంది. దాణాలో కలిపే రాగి, జింకు, షెడ్డును కడిగే క్రిమిసంహారకాలు తమ తమ నిరోధక జన్యువుల పక్కనున్న యాంటీబయాటిక్ నిరోధక జన్యువులను కూడా వెంటబెట్టుకు నిలుపుతాయి. ఎదుగుదల కోసం యాంటీబయాటిక్‌లు వాడడాన్ని అందరికన్నా ముందు, 1986లోనే నిషేధించిన స్వీడన్‌లో, వాంకోమైసిన్ కుటుంబపు మందులేవీ కోళ్లకు వాడకుండానే, 2000 తర్వాతి దశాబ్దంలో వాన్-ఎ ఉన్న ఎంటెరోకాకస్ బ్రాయిలర్లలో పెరుగుతూ పోయింది. కోళ్లకు రక్తపారుడు రాకుండా దాణాలో కలిపే నరాసిన్ అక్కడ యాంటీబయాటిక్‌గా లెక్కలోకి రాదు. అది కాక్సిడియా అనే పరాన్నజీవిని అదుపుచేసే మందు. ఆ ఎంటెరోకాకస్ ప్లాస్మిడ్‌ను విప్పి చదివినప్పుడు, వాన్-ఎ ఉన్న అదే వలయం మీద నరాసిన్‌ను బయటికి తోసే పంపు జన్యువులు కూడా ఉన్నట్టు 2016లో బయటపడింది.